అంతా డాలీయే చేసింది

మా బావ దేవదానం కుదురుగా కూర్చోగా చూసినవాళ్ళు బందరులో ఎవరూ లేరు. అన్నానికి కూర్చుంటాడు, అదీ ఒక కాలు మడిచి, రెండోది లేవడానికి సిద్ధంగా పెట్టుకుని. ఆర్టీసీలో కండక్టరుగా బందరు–గుడివాడ పల్లెవెలుగులో తిరిగి తిరిగి రిటైరయ్యాడు. గుడ్లవల్లేరులో ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు ఎక్కారంటే బస్సులో గాలికి కూడా చోటుండదు. ఆ సందులోనే టిక్కెట్లు కొట్టుకుంటూ ముందుకీ వెనక్కీ నడిచేవాడు తప్ప తన సీట్లో తను కూర్చునేవాడు కాదు. ఇప్పుడు బస్సు లేదు కాబట్టి వలందపాలెంలోని ఇంట్లోనే ట్రిప్పులు వేస్తుంటాడు. హాలు నుంచి వంటింటికి, వంటింటి నుంచి వరండాకి, మళ్ళీ హాలుకి. "ఆ మనిషిని చూస్తుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయిరా" అంటుంది మా అక్క రాహేలు. నేను గుడివాడలో టైర్ల షాపు నడుపుతాను. అరిగిపోయిన టైరుని పక్కన పడేస్తే పడి ఉంటుంది, మా బావ మాత్రం ఉండడు.

ఆయనకి తోడు ఒక కుక్క, డాలీ. డిపోలో బస్సు చక్రాల మధ్య దొరికిన కూనని ఖాకీ చొక్కాలో చుట్టుకుని ఇంటికి తెచ్చాడు. తండ్రి ఎవరో పొమరేనియన్ అయ్యుండాలి, తోక మాత్రం విసనకర్రలా ఉండేది. చిన్నప్పుడే మంచి బుద్ధులు నేర్చుకుంది. తలుపు దగ్గర నిలబడి ఒక్కసారి మొరిగేది, తలుపు తీస్తే పెరట్లోకి వెళ్ళి పని చూసుకుని వచ్చేది. "మన చుట్టాల్లో చాలామంది కంటే శుభ్రం" అని మా అక్క నా ముఖం చూసి మరీ అనేది.

అలాంటి కుక్క ముసలిదైంది. కళ్ళకి తెల్లటి పొర కమ్మింది, టైల్సు మీద వెనక కాళ్ళు జారిపోతున్నాయి. పోయిన వేసవి నుంచి పడుకున్న చోటల్లా తడి చేయడం మొదలుపెట్టింది. లేచి చూసుకుని, ఎవరు పోశారా అన్నట్టు పక్కకి జరిగి మళ్ళీ పడుకునేది. మా అక్క దాని మెడ పట్టుకుని ముక్కు తడికి తాకించి తిట్టేది. అది చెవులు వాల్చి తిట్లన్నీ విని, కాసేపటికి సోఫా వెనక పోసేది. ఇల్లంతా ఫినాయిల్ వాసన, దాని కింద ఆ రెండో వాసన. నేను వెళ్ళినప్పుడల్లా వరండాలోనే కాఫీ తాగి వచ్చేసేవాణ్ణి.

ఇంట్లో పెద్ద చిక్కు శుక్రవారంతో వచ్చింది. ప్రతి శుక్రవారం మా అక్క ఇంట్లో ఆడవాళ్ళ ఉపవాస ప్రార్థన జరుగుతుంది. పొద్దున నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా వస్తారు. హాల్లో చాపలు పరుచుకుని, మోకాళ్ళూని, ఊరందరి కష్టాలూ దేవుడికి అప్పజెప్పి లేస్తారు. ఆ ప్రార్థన వేరే ఇళ్ళకి మారకుండా ఇన్నేళ్ళుగా తన ఇంట్లోనే జరుగుతోందన్నది మా అక్కకున్న ఒకే ఒక్క గర్వం. ఒక శుక్రవారం పాస్టరమ్మగారు తెల్లచీర కట్టుకొచ్చి సరిగ్గా డాలీ పడుకున్న చోటే కూర్చున్నారు. లేచేసరికి చీర పసుపచ్చగా ఉంది. "పర్లేదమ్మా" అన్నారు గానీ, ఆ మాటలో పర్లేదు లేదు.

ఆవిడ గేటు దాటగానే అక్క బావని పట్టుకుంది.

"చూడండీ, నేను కుక్కని పెంచొద్దన్లేదు. కానీ శుక్రవారం ఆ హాల్లో ఇంకొక్కసారి తడి కనబడిందా, దీన్ని ధనరాజు చెరువుల మీదికి పంపించేస్తాను. ఏసయ్య మీద ఆన, మాట తప్పను."

మా దూరపు చుట్టం ధనరాజుకి నాగాయలంక అవతల రొయ్యల చెరువులున్నాయి. కాపలాకి కుక్కలు గుంపుగా ఉంటాయి. కొత్తగా వచ్చిన కుక్కని అవి ఏం చేస్తాయో చూసినవాళ్ళకి చెప్పనక్కర్లేదు. చూపు లేని, కాళ్ళు నిలవని డాలీ అక్కడ ఒక పూట కూడా బతకదు. అది మా అక్కకీ తెలుసు. తెలిసే అంది, కోపంలో అంది. కానీ ఆన పెట్టుకున్నాక మా అక్క వెనక్కి తగ్గే మనిషి కాదు.

ఆ రోజు నుంచి బావ కాలుగాలిన పిల్లి అయిపోయాడు. గుడ్డ ఒక చేతిలో, బకెట్టు ఒక చేతిలో. కుక్క కదిలితే వెనకాలే వెళ్ళేవాడు, కదలకపోతే ఎందుకు కదల్లేదని వెళ్ళేవాడు. ఇంత చేసీ ఒక తెలివితక్కువ పని చేశాడు. అది కండక్టర్లకే తట్టే తెలివి. డ్యూటీలో ఉన్నంతసేపూ నీళ్ళు తాగకూడదని ఆయన సిద్ధాంతం. దారిలో దొడ్డి ఉండదు, బస్సు ఆపితే జనం ఊరుకోరు, కాబట్టి గొంతెండినా ఆపుకోవాలి. అలా ఆపుకునే కిడ్నీలో రాళ్ళు తెచ్చుకున్నాడు. అయినా బుద్ధి రాలేదు. అదే వైద్యం కుక్కకీ పెట్టాడు. గురువారం సాయంత్రం దాని నీళ్ళ గిన్నె ఎత్తేసేవాడు, శుక్రవారం ప్రార్థన అయ్యాక పెట్టేవాడు.

"ఇంట్లో అందరూ ఉపవాసమేగా, దానికేం నొప్పి?" అన్నాడు నేనడిగితే.

ఒక శుక్రవారం లోపల పాటలు పాడుతున్నారు. నేనూ బావా పెరట్లో ఉన్నాం. డాలీ కనబడలేదు. వెతికితే బాత్రూం పక్కన ఉంది. నేల తుడిచి ఆరేసిన గుడ్డని కాళ్ళ మధ్య పట్టుకుని, ఫినాయిల్ నీళ్ళ తడిని నాకుతోంది. మమ్మల్ని చూసి ఆపలేదు కూడా. బావ ఆ గుడ్డ లాక్కుని నిలబడిపోయాడు. ఆయన ముఖం నేను అలా ఎప్పుడూ చూడలేదు. మా అమ్మ పోయినప్పుడు కూడా అలా లేదు.

"శ్యామూ, బండి తియ్యరా" అన్నాడు.

పశువుల ఆసుపత్రిలో డాక్టరు శాంతి గారు మా ఇద్దర్నీ నిలబెట్టి కడిగేశారు.

"నీళ్ళు మాన్పించారా? ఎవరు చెప్పారండీ మీకు? నీళ్ళు తక్కువైతే మూత్రం ఇంకా మంట పుడుతుంది, ఇంకా ఎక్కువసార్లు పోస్తుంది. ఎండాకాలంలో ఇలా చేస్తే ప్రాణమే పోయేది."

"మరి తడి ఎలా ఆపాలండీ?"

"అది కావాలని చేయట్లేదు కదండీ. నిద్రలో కారిపోతుంది, దానికి తెలియను కూడా తెలీదు. తిడితే మీకు కనబడకుండా పోస్తుంది, అంతే."

పరీక్ష చేస్తే మూత్రంలో ఇన్ఫెక్షన్ తేలింది. దానికి మందు, అది తగ్గాక పట్టు నిలవడానికి వేరే మాత్రలు ఇస్తామన్నారు. నీళ్ళు ఎప్పుడూ అందుబాటులో ఉంచమన్నారు. నిద్ర లేవగానే, తిన్న వెంటనే బయటికి తీసుకెళ్ళమన్నారు. ఫినాయిల్ మన ముక్కుకే గానీ కుక్క ముక్కుని మోసం చేయదట, వెనిగర్ నీళ్ళతో తుడవమన్నారు.

మా బావకి ఒక రూటు దొరికింది. ఆ రోజు నుంచి ఆయనా డాలీ కలిసి సర్వీసు నడిపారు. మెడికల్ షాపులో పసిపిల్లల కింద వేసే రబ్బరు షీటు కొన్నాడు, పైన తన పాత లుంగీలు పరిచాడు. కాళ్ళు జారకుండా పెరటి తలుపు దాకా గోనెసంచులు వేశాడు. మా అక్క హాలు బియ్యం కొట్టులా తయారైంది. డాలీ కళ్ళు తెరిస్తే చాలు, "దిగాలి దిగాలి, స్టేజీ వచ్చింది!" అంటూ చంకనెత్తుకుని పెరట్లోకి పరుగు. అక్కడ అది పోసేదాకా పక్కనే నిలబడేవాడు. పోస్తే పెద్ద పండగ. "రైట్ రైట్!" అని వీధంతా వినబడేలా అరిచేవాడు. పక్కింటివాళ్ళు మొదట్లో భయపడ్డారు, తర్వాత అలవాటు పడ్డారు.

శుక్రవారాలు పొడిగా గడిచాయి. అక్క ముఖం కాస్త తేటపడింది. గోనెసంచుల మీద సణుగుతూనే డాలీ మాత్రని బెల్లం ముక్కలో పెట్టి తనే మింగించేది. బావ మాత్రం ఇంకా భయపడుతూనే ఉన్నాడు. ప్రార్థన జరిగినంతసేపూ పెరట్లో అటూ ఇటూ తిరుగుతూ, మాటిమాటికీ కుక్క తోక ఎత్తి చూసేవాడు.

ఆ రోజూ శుక్రవారమే. మళ్ళీ పరీక్షకి రమ్మన్నారని డాలీని నా వ్యానులో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. లోపల పాటలు మొదలయ్యాక పెరటి గుండా వెళ్ళాం కాబట్టి మేం వెళ్ళినట్టు ఎవరికీ తెలీదు. ఇన్ఫెక్షన్ పూర్తిగా పోయిందన్నారు. బావ దారి పొడుగునా కుక్కతో కబుర్లు చెబుతూ వచ్చాడు. పెరటి తలుపు తీసుకుని హాల్లోకి వచ్చేసరికి ప్రార్థన అయిపోయింది. ఆడవాళ్ళందరూ నిలబడి ఉన్నారు. గోడ పక్క చాప మీద పెద్ద తడి. అందరూ బావ చేతుల్లో ఉన్న డాలీ వైపు తిరిగారు.

"ఎప్పుడు దూరిందండీ ఇది లోపలికి?" అంది అక్క.

నాకు ఒళ్ళు మండింది. "అక్కా, అసలిది ఇప్పటిదాకా..." అని మొదలుపెట్టాను. బావ చెప్పుల కాలితో నా కాలు తొక్కాడు. మామూలుగా కాదు, వేళ్ళు నలిగిపోయేలా తొక్కాడు.

అప్పుడు చూశాను. అందరూ లేచారు గానీ ఆ తడి చాప చివర దీనమ్మ టీచరు గారు కూర్చునే ఉన్నారు. ఒళ్ళో బైబిలు, దాని మీద రెండు చేతులు, కొంగు కాళ్ళ మీదికి లాక్కుని. గూడూరు హైస్కూల్లో మా అక్కకీ నాకూ లెక్కలు చెప్పిన మనిషి. క్లాసు మధ్యలో ఒంటికి వెళ్ళొస్తానని వేలెత్తితే "బెల్లు కొట్టేదాకా ఆపుకోలేవా?" అని గదిమేవారు. ఆవిడంటే మాకు హడల్. ఆ టీచరు గారు మా బావ వైపు చూస్తున్నారు. వేలెత్తినప్పుడు పిల్లలం ఆవిడ వైపు అలాగే చూసేవాళ్ళం.

"డాలీయేనండీ" అన్నాడు బావ. "తలుపు వెయ్యడం మర్చిపోయాను, నా కళ్ళుగప్పి దూరిపోయింది. అయ్యయ్యో, టీచరుగారి చీర కూడా తడిపేసిందా! రాహేలూ, అమ్మగార్ని లోపలికి తీసుకెళ్ళి నీ చీరొకటియ్యి. ఛీ, దరిద్రపు కుక్క."

ఆయన డాలీని అంత మాట అనడం నేను వినడం అదే మొదలు. అది ఆయన గడ్డం నాకింది.

సాయంత్రానికి తీర్పు అయిపోయింది. అక్క ఏడుస్తూనే ధనరాజుకి ఫోన్ చేసింది. ఆన ఆనే అంది. నేను వరండాలో ఆయన చొక్కా పట్టుకున్నాను.

"నీకేమన్నా పిచ్చా బావా? ఆసుపత్రిలో ఉన్నామని ఒక్క ముక్క చెప్తే అయిపోతుందిగా!"

"చెప్తే ఆ తడి ఎవరిదని వెతుకుతారురా. ఆవిడ మళ్ళీ ఇల్లు కదిలి రాదు. ఆవిడకి ఈ శుక్రవారం తప్ప ఇంకేముంది చెప్పు?"

"మరి డాలీ?"

లేచి గేటు దాకా వెళ్ళొచ్చాడు, మళ్ళీ వెళ్ళొచ్చాడు.

"మీ అక్కకి చెప్పావంటే నా మీద ఒట్టే" అన్నాడు చివరికి. తప్పొకరిది, శిక్ష ఇంకొకరికి, ఒట్టు నాకు.

మర్నాడు పొద్దున్నే నా వ్యానులో బయల్దేరాం. వెనక సీట్లో రబ్బరు షీటు, దాని మీద లుంగీ, దాని మీద డాలీ, పక్కన నీళ్ళ సీసా. బందరు దాటకముందే ఆపమన్నాడు. దింపాడు, అది పోయలేదు, ఎక్కించాడు. కాస్త పోగానే మళ్ళీ ఆపమన్నాడు. చల్లపల్లి వచ్చేలోపు ఎన్నిసార్లు ఆపానో నాకే తెలీదు.

"ఇదేం పల్లెవెలుగు బావా? మనం వెళ్ళేసరికి రొయ్యలు పట్టడం కూడా అయిపోతుంది" అన్నాను కసిగా.

"దానికి వస్తుందేమోరా."

"దానికి రావట్లేదు. నీకే వెళ్ళాలని లేదు."

కిటికీ అద్దం దించాడు, ఎత్తాడు. లుంగీ సర్దాడు. సీసా మూత తీశాడు, పెట్టాడు. మోపిదేవి దాటింది. చెరువు గట్టు మీద ఆ గుంపులోకి దీన్ని వదిలి, బండి తిప్పుకుని వచ్చేయాలి. అది చెవులు నిక్కబొడుచుకుని బండి చప్పుడు ఎటు పోయిందా అని వెతుకుతుంది. ఆ పని నేను చేయలేను, నా వల్ల కాదు అని స్టీరింగుని రెండు దెబ్బలు కొట్టాను. బావ ఉలిక్కిపడి, "ఆపుతున్నావా?" అన్నాడు ఆశగా.

అవనిగడ్డ దాటాక కాలవ పక్కన మళ్ళీ ఆపాను. ఆయన కుక్కని ఎత్తుకుని దిగాడు. అప్పుడు నా ఫోన్ మోగింది. అక్క.

"ఎక్కడున్నార్రా?"

"అవనిగడ్డ దాటాం."

"దిగబెట్టేశారా?"

"ఇంకా లేదు."

"బండి తిప్పు. ఎందుకని అడక్కు. మీ బావకి... నాకు కుక్క మీద జాలేసిందని చెప్పు. అంతే."

"మరి నీ ఆన?"

"దేవుడితో నేను మాట్లాడుకుంటాలే, నువ్వు తిప్పు ముందు!"

కాలవ గట్టు మీదికి వెళ్ళి బావకి చెప్పాను. నమ్మలేదు. రెండోసారి చెప్పాను. ఆయన కింద గడ్డిలో చతికిలపడి, రెండు కాళ్ళూ చాపేశాడు. డాలీ ఆయన మోకాలి పక్కనే వంగి, దారి పొడుగునా పోయనిదంతా తీరిగ్గా పోసింది. "రైట్ రైట్" అనలేదాయన. కళ్ళు తుడుచుకుంటూ అలాగే కూర్చున్నాడు. నాకు భయమేసి నేనే లేపాను.

ఇంటికొచ్చాక అక్క నన్ను వంటింట్లోకి లాగింది. మేం వెళ్ళిన కాసేపటికే దీనమ్మ టీచరు గారు ఆటోలో వచ్చారట. ఉతికి ఇస్త్రీ చేసిన అక్క చీర చేతిలో పెట్టారట. డాలీ ఏదమ్మా అని అడిగి, సంగతి విని, వంటింటి పీట మీద కూర్చుండిపోయారట. కూర్చుని మొత్తం చెప్పేశారు.

"నా చెయ్యి పట్టుకుని ఏడ్చిందిరా. మా టీచరు గారు! చాలాకాలంగా ఇలాగే ఉందంట. శుక్రవారం వస్తుందంటే గురువారం నుంచే నీళ్ళు మానేస్తుందంట, అయినా ఆగట్లేదంట. డాక్టరుకి చూపించుకోండి, దీనికీ మందులుంటాయండీ అన్నాను. కోడలికి తెలుస్తుందని వెళ్ళట్లేదంట. నేను తీసుకెళ్తానన్నాను." అక్క ముక్కు చీదుకుంది. "ఈ మాట మీ బావకి చెప్పకు. ఆడవాళ్ళ పరువు. ఆ మనిషి నోట్లో నువ్వు గింజ నానదు."

నేను పైకప్పు వైపు చూశాను. హాల్లో బావ గోనెసంచులు సర్దుతూ డాలీతో మాట్లాడుతున్నాడు.

తర్వాత శుక్రవారాలు నడిచాయి. అక్క టీచరు గారిని తలుపు పక్కన కూర్చోబెట్టడం మొదలుపెట్టింది, చాప కింద తెలియకుండా రబ్బరు షీటు వేసింది. ప్రార్థన మధ్యలో "కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయమ్మా, ఒకసారి లేద్దాం" అని అందర్నీ లేపేది. ఇదంతా అక్క కాళ్ళ నొప్పులకనే బావ అనుకున్నాడు. ఇంకా తడి కనబడితే బావే ముందు అందుకుని డాలీయే అనేవాడు, అక్క "ఆ, అదే" అనేది. ఒకరి దగ్గర ఒకరు ఒకే మాటని దాచుకున్నారు. మధ్యలో నేను.

క్రిస్మస్ ముందు తుఫాను పట్టిన రోజుల్లో డాలీ పోయింది. బావ ఒళ్ళోనే, లుంగీ మీద, నిద్రలో. పెరట్లో గోడ పక్క గుంట తీశాం. ప్రార్థనకి వచ్చే ఆడవాళ్ళందరూ గొడుగులేసుకుని వచ్చి చూశారు. పాస్టరమ్మగారు కుక్కకి ప్రార్థన చేయవచ్చో లేదో తెలియక, మా బావ కోసం ప్రార్థన చేశారు. దీనమ్మ టీచరు గారు తడి మట్టి మీద చెయ్యి పెట్టి చాలాసేపు అలాగే వంగి ఉన్నారు.

వాన వెలిశాక వచ్చిన శుక్రవారం నేను బందరులోనే ఉన్నాను. బావా నేనూ వరండాలో ఉన్నాం. ఆయన ఎప్పటికంటే ఘోరంగా తిరుగుతున్నాడు. ఎవర్నీ దింపాల్సిన పని లేక, ఊరికే పెరటి తలుపు దాకా వెళ్ళి వస్తున్నాడు. లోపల ఆమెన్ అన్నారు. చాపలు చుట్టే చప్పుడు మొదలై, ఉన్నట్టుండి ఆగిపోయింది. బావ ఆగాడు. ఆ నిశ్శబ్దం ఏమిటో మా ఇద్దరికీ తెలుసు.

అప్పుడు అక్క గొంతు వినబడింది.

"ఈ డాలీతో చచ్చిపోతున్నానమ్మా. ఎప్పుడు దూరిందో, ఎప్పుడు పోసిందో!"

బావ నా వైపు తిరిగాడు. నోరు తెరుచుకుని ఉంది.

"మీ అక్కకి తెలుసా?"

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"బండి తిప్పమన్న రోజు నుంచి."

లోపల ఉన్నవాళ్ళందరూ డాలీని పూడ్చిన చోటు చూసొచ్చిన ఆడవాళ్ళే. ఒక్కరు కూడా డాలీ ఎక్కడుందమ్మా అనలేదు. పాస్టరమ్మగారి గొంతు మెల్లగా వచ్చింది.

"పోన్లెండి రాహేలు గారూ, తిట్టకండి. ముసలి ప్రాణం. దానికి మాత్రం ఏం తెలుస్తుంది?"

నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. మా బావ మాత్రం అక్కడ లేడు. అప్పటికే బకెట్టూ గుడ్డా పట్టుకుని గుమ్మం దాటాడు. "ఏదీ, ఎక్కడ పోసిందమ్మా ఇది? జరగండి, జరగండి... టీచరుగారూ, మీరలా కూర్చోండి, మీకేం కాలేదుగా? దీనికి బుద్ధి లేదండీ, ఎన్నిసార్లు చెప్పినా అంతే" అంటూ, గోడ అవతల పడుకున్న కుక్కని ఊరందరికీ వినబడేలా తిడుతూ నేల తుడుస్తున్నాడు.